ఫోనుకి పలుపుతాడు

ప్రశ్న: మాది విజయవాడ. పాప ఎనిమిదో తరగతి, బాబు మూడో తరగతి. చేతిలో ఫోన్ లేకపోతే ఇద్దరికీ ముద్ద దిగదు. బాబుకి మొన్ననే కళ్లద్దాలు కూడా వచ్చాయి. మావారి సొంతూరు రాజోలు దగ్గర, ఇల్లు ఏటిగట్టు పక్కనే. అక్కడ ఒక నాలుగు రోజులు ఫోన్లూ టీవీ లేకుండా, ఆరుబయట, చెట్టూ పుట్టా చూసుకుంటూ గడపాలని నా కోరిక. మావారికేమో ఆఫీసు ఫోన్లు ఆగవు. అత్తగారింట్లో టీవీ తెల్లవారుజామున సుప్రభాతంతో మొదలై రాత్రి సీరియళ్లదాకా మోగుతూనే ఉంటుంది. కట్టమంటే కోడలు పెత్తనం చేస్తోందనుకుంటారేమోనని భయం. పోయినేడాది ఫోన్లన్నీ సూట్‌కేసులో పెట్టి తాళం వేశాను. రెండో పూటకే పాప ఏడుపు, బాబు అలక, మావారి చిరాకు. తాళం నేనే తీశాను. ఈసారి సంక్రాంతికి వెళ్లమంటారా, వేసవికా? అసలెలా చెయ్యాలి?
– ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, ఎప్పుడు వెళ్లాలన్నది తేలికైన ప్రశ్న, ముందు అది తేల్చేద్దాం. సంక్రాంతికే వెళ్లండి. వేసవి వద్దు.

మే నెల కోనసీమ ఫొటోల్లో కనిపించే కోనసీమ కాదు. కొబ్బరితోటలో నీడ ఉంటుంది గానీ గాలి ఉండదు, ఒళ్లంతా జిగట. తొమ్మిది దాటితే పిల్లల్ని బయటికి పంపలేరు. సాయంత్రం ఐదు దాకా తలుపులు మూసుకుని ఫ్యాను కింద పడుండాల్సిందే. పైగా అది కాలువలు కట్టేసే కాలం. దాళ్వా, అంటే రెండో పంట, కోతల వేళకి ధవళేశ్వరం దగ్గర నీళ్లాపి, పూడికలు తీసుకుని, లాకులు బాగుచేసుకుని, మళ్లీ జూన్‌లో వదులుతారు. అప్పటిదాకా కాలువలో బురదా గుర్రపుడెక్కా తప్ప చూడ్డానికేం ఉండదు. ఎనిమిది గంటలు గదిలో కూర్చోబెట్టి ఫోన్ ముట్టుకోవద్దంటే ఏ పిల్లాడైనా తిరగబడతాడు. ఈ వయసులో నేనైనా తిరగబడతాను. ముంజెలూ మామిడిపళ్లూ ఉంటాయి కదా అంటారా, వాటికోసం ఇంకోసారి, ఏ నియమాలూ పెట్టుకోకుండా వెళ్లండి.

జనవరి సంగతి వేరు. కాలువల నిండా నీళ్లు. సార్వా, అంటే తొలి పంట, గడ్డి కుప్పలు ఒకపక్క, దాళ్వా నారుమళ్లు ఒకపక్క. మధ్యాహ్నం ఎండలో నిలబడినా హాయిగానే ఉంటుంది. సందు చివర తేగల కట్టలు పెట్టుకుని కూర్చునే వాళ్లుంటారు. కానీ ఒక చిక్కుంది. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ మీ అత్తగారిల్లు చుట్టాలతో కిటకిటలాడుతుంది, పదిమంది పిల్లల చేతుల్లో పది ఫోన్లు. ఊరి చివర కోడిపందేల బరుల దగ్గర మగవాళ్లు. ఆ గోలలో మీ నియమం నిలవదు, నిలబెట్టబోతే పండగ పాడవుతుంది. పండగని పండగలా కానివ్వండి. మీ నాలుగు రోజులు ముక్కనుమ నుంచి లెక్క వేసుకోండి. చుట్టాలు అరిసెల డబ్బాలు సర్దుకుని బయల్దేరతారు, ఊరు సద్దుమణుగుతుంది. కనుమనాడు మాత్రం వీలు చేసుకుని అంబాజీపేట వైపు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లండి. ఏకాదశ రుద్రుల ప్రభల్ని భుజాలమీద ఎత్తుకుని, నాట్లు వేసిన చేలల్లోంచి, కాలువ నీళ్లల్లోంచి మోసుకొస్తారు. పీకల్లోతు నీళ్లల్లో ప్రభ ఒరగకుండా పట్టుకున్న కుర్రాళ్లని చూస్తూ ఉంటే మీ పాప చెయ్యి జేబులోకి పోదు. పోయినా ఆ జనంలో సిగ్నల్ అందడం కష్టమే.

ఇక అసలు సంగతికి వద్దాం. పోయినేడాది మీరు చేసిన పనే నేనూ ఒకప్పుడు చేశాను. ఫోన్లన్నీ సంచిలో వేసి, సంచి బీరువాలో పెట్టి, చాలా గొప్పగా పిల్లల్ని వెంటబెట్టుకుని రేవుకి బయల్దేరాను. రేవులో ఒక పెద్దాయన తేగలు ఉడకబెట్టి అమ్ముతున్నాడు. పిల్లలు తలో రెండు తీసుకుని ఒలుచుకుని తినడం మొదలెట్టాక చూసుకుంటే నా దగ్గర ఒక్క రూపాయి లేదు. ఏళ్ల తరబడి స్కానర్ మీద బతుకుతున్నదాన్ని, పర్సులో ఉన్నవి ఆధార్ కార్డూ బస్సు టిక్కెట్టూను. ఆయన నా మొహం చూసి, "రేపిద్దురుగాని లెండి, ఎక్కడికి పోతారు" అన్నాడు. తర్వాత టైమెంతయిందో తెలీదు, చివరి పడవ ఎప్పుడో తెలీదు, చీకటి పడుతుంటే దారికి టార్చి లేదు. నాలుగు గంటలు తిరక్కుండా బీరువా తలుపు తీశాను. ఓడిపోయింది నా పట్టుదలేమీ కాదు. ఫోన్ మన ఇంట్లో ఎంత చాకిరీ చేస్తోందో లెక్క వేసుకోకుండా దాన్ని మానిపించేశాను, అంతే.

ఇంట్లో పనిమనిషి నాలుగు రోజులు సెలవు పెడితే మీరేం చేస్తారు? అంట్లెవరు తోమాలి, ముగ్గెవరు వెయ్యాలి అని ముందురోజే పంచుకుంటారు కదా. ఇదీ అంతే. బయల్దేరే ముందు ఒక కాగితం తీసుకుని ఫోన్ చేసే పనులన్నీ రాయండి. పొద్దున్నే లేపుతుంది, సరే, ఆ పని ఊళ్లో కోడి చేస్తుంది; నమ్మకం లేకపోతే ఒక అలారం గడియారం కొనండి. టైము చెప్తుంది, నలుగురికీ చేతి గడియారాలుండాలి, ముఖ్యంగా బాబుకి; ఎందుకో తర్వాత చెప్తాను. దీపం వేస్తుంది, కొత్త బ్యాటరీలేసిన టార్చిలైట్లు రెండు, ఎందుకంటే ఒకటి ఎప్పుడూ కనపడదు. డబ్బు కడుతుంది, పదులూ ఇరవైలూ యాభైలూ చిల్లరగా తీసుకెళ్లండి, అయిదొందల నోటిస్తే పల్లెటూరి కిళ్లీకొట్టు ఆయన మిమ్మల్ని ఎగాదిగా చూస్తాడు. దారి చెప్తుంది, టిక్కెట్లు దాచిపెడుతుంది, డాక్టరు నంబరు గుర్తుపెట్టుకుంటుంది. టిక్కెట్లు అచ్చు తీయించండి, నంబర్లు ఒక చీటీ మీద రాసి పర్సులో పెట్టండి. ఇదంతా చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ఫోన్ మళ్లీ చేతిలోకి వచ్చేది వీటి సందులోంచే. "టైమెంతయిందో చూద్దాం" అని తీస్తాం, పావుగంట తర్వాత ఎవరిదో పెళ్లి ఫొటోలు చూస్తూ దొరికిపోతాం.

ఇప్పుడు తాళం సంగతి. తాళం వేసిన వస్తువు మీద మనసు ఇంకా లాగుతుంది. వాసన తెలిసిన జున్ను దాచినట్టే. అందుకని దాచకండి, కట్టేయండి. గేదెని గుంజకి కట్టేస్తాం చూడండి, అలా. అది అక్కడే ఉంటుంది, మేత మేస్తుంది, అవసరమైతే మనమే దాని దగ్గరికి వెళ్తాం. అది మాత్రం మన వెంట వీధులు తిరగదు, మంచమెక్కదు, కంచం దగ్గరికి రాదు. మీ అత్తగారింట్లో గోడ గూడో, వసారాలో ప్లగ్గున్న మూలో చూసి మీ ఇద్దరి ఫోన్లూ అక్కడ చార్జింగు వైరుకి తగిలించేయండి. పలుపుతాడు ఎంత పొడుగుంటే అంతే. మాట్లాడాలన్నా చూడాలన్నా అక్కడే నిలబడాలి, కుర్చీ ఉండకూడదు. నిలబడి చూసేవాడు అయిదు నిమిషాలకి మించి చూడలేడు. వెనకటి రోజుల్లో వైరు ఫోను ఇలాగే గోడ పక్కన ఉండేది, దానికి ఎవరూ బానిస కాలేదు.

మీ ఆయన విషయంలో కూడా ఇదే మందు. ఆఫీసు వదలదంటే వదలదు, దానిమీద గొడవ పెట్టుకోకండి. పొద్దున పదింటికీ సాయంత్రం నాలుగింటికీ రెండుసార్లు గూటి దగ్గరికి వెళ్లి చూసుకుంటానని ఆయన ముందే ఆఫీసులో చెప్పాలి. నిజంగా కొంపలంటుకునే పనైతే మీ మామగారి బటన్ ఫోనుకి చెయ్యమనండి. మా చుట్టాల్లో ఒకాయన ఇలాగే ఇచ్చాడు. అత్యవసరమని రోజుకి ఇరవైసార్లు చేసే ఆఫీసువాళ్లు, అవతల ఒక ముసలాయన "ఎవరండీ... ఆయ్... గట్టిగా చెప్పండి" అంటుంటే వారం మొత్తమ్మీద ఒక్కసారి చేశారట. బటన్ ఫోన్ ఇంకో విధంగానూ పనికొస్తుంది. ఏటి వైపు వెళ్లినప్పుడు అది పెద్దవాళ్ల జేబులో ఉండాలి. ఫోన్ మానడమంటే ప్రాణం మీదికి వచ్చినా ఎవరికీ చెప్పుకోలేకపోవడం కాదు కదా.

అత్తగారి టీవీ జోలికి మీరు పోవద్దు. ఇల్లు ఆవిడది. పిల్లలందరూ రెక్కలొచ్చి ఎగిరిపోయాక ఆ ఇంట్లో ఇంకో మనిషి గొంతు వినపడేది ఆ టీవీలోంచే. చూస్తోందో లేదో కూడా తెలీదు, మోగుతూ ఉండాలంతే. మీరు నాలుగు రోజులకి వెళ్లి దాన్ని కట్టేస్తే, అయిదో రోజు నుంచి ఆవిడకి మళ్లీ దాంతోనే కాపురం. చెప్పాల్సిన మాట ఏదైనా ఉంటే కొడుకు చెప్పాలి, కోడలు కాదు. చెప్పేది కూడా "టీవీ కట్టు" అని కాదు. "అమ్మా, పిల్ల వామనగుంటలు నేర్చుకుంటానంటోంది, పీట అటకమీదుందా?" అని. చింతగింజలు అడగండి, గవ్వలు అడగండి, అష్టాచెమ్మా గళ్లు గీసిపెట్టమని అడగండి. ఆవిడ వచ్చి కూర్చుంటుందని నేను పూచీ ఇవ్వను. టీవీ లోపల మోగుతూనే ఉండొచ్చు. మీరంతా వీధరుగుమీద ఉంటే చాలు.

పాప సంగతి కొంచెం మెల్లగా చూడాలి. పదమూడేళ్ల పిల్లకి ఫోనంటే ఆటవస్తువు కాదు, తన స్నేహితురాళ్లు. నాలుగు రోజులు పలక్కపోతే వాళ్లేమనుకుంటారో, తను లేకుండా ఏం మాట్లాడుకుంటారో అన్నది ఆ వయసుకి చిన్న బాధేం కాదు. పోయినేడాది ఏడ్చింది అందుకే అయ్యుంటుంది. కాబట్టి వారం ముందే చెప్పండి. "ఊరెళ్తున్నా, ఫలానా రోజుదాకా దొరకను" అని తనే అందరికీ చెప్పుకోనివ్వండి, అది కాస్త గొప్పగా కూడా ఉంటుంది. నాన్నకి గూటి దగ్గర రెండు పూటలుంటే తనకీ సాయంత్రం పది నిమిషాలివ్వండి. పెద్దవాళ్లకో న్యాయం, పిల్లకో న్యాయం అయితే ఆ నియమం ఎన్నాళ్లో నిలవదు.

దాంతోపాటు పాపకి అధికారం ఇవ్వండి. నాలుగు రోజుల ఖర్చుల డబ్బు మొత్తం ఒక చిన్న సంచిలో పోసి తన చేతికివ్వండి, ఒక నోట్‌బుక్కు కూడా. ఏరు దాటించే పంటు టిక్కెట్టుకెంత, బోండాలకెంత, జీళ్లకెంత అన్నీ తనే కట్టాలి, తనే రాయాలి. మీ ఆయనకి టీకి డబ్బు కావాలంటే కూతుర్నే అడగాలి. దారి కనుక్కోవడం కూడా తన పనే. మన గోదావరి జిల్లాల్లో దారి అడగడం ఎలా ఉంటుందో మీకు తెలుసు. "లాకులకి ఎటండీ" అంటే దారి చెప్పేలోపు "ఎవరి తాలూకా అమ్మా?" అంటారు. తాతగారి పేరు చెప్తే ఆయన చిన్నప్పుడు ఎక్కడ జారిపడ్డాడో కూడా చెప్తారు. మ్యాపు చూసుకుని వెళ్లే పిల్లకి ఇవేం తెలుస్తాయి?

మీ బాబు కళ్లద్దాల గురించి ఒక మాట. పిల్లల్లో దూరపు చూపు మందగించడానికి, వాళ్లు పగటి వెలుతురులో గడిపే సమయానికి సంబంధం ఉందని చాలా దేశాల్లో తేలింది. తైవాన్‌లో 2010 నుంచి బడిపిల్లల్ని రోజుకి రెండు గంటలు ఆరుబయట ఉంచడం ఒక కార్యక్రమంగానే పెట్టుకున్నారు. ఇంట్లో ఎంత పెద్ద లైటు వేసినా కొన్ని వందల లక్స్ వెలుతురే. బయట చెట్టునీడలో కూడా వేలల్లో ఉంటుంది. వచ్చిన అద్దాలు దీంతో పోతాయని నేననను, పోవు. ఫోన్ లాక్కుని ఇంట్లో కూర్చోబెడితే మాత్రం సగం పనే చేసినట్టు.

బయట ఉంచి ఏం చేయించాలి అంటారు కదా. మీకు దొరికినంత అదృష్టం అందరికీ దొరకదు, ఇల్లు ఏటిగట్టు పక్కనే. నేనైతే బాబుకి ఒకే ఒక్క పని చెప్తాను. మొదటిరోజు పొద్దున్నే పెద్దవాళ్లెవరైనా తోడు వెళ్లి, రేవు పక్కన నీళ్లు, ఒడ్డు కలిసే తడి అంచులో ఒక పుల్ల గుచ్చమనండి. బొటనవేలంత లావు, మూరెడు పొడుగు, గట్టిగా లోపలికి దిగేలా. నీళ్లు తగిలిన చోట బొగ్గుముక్కతో ఒక గీత. చేతి గడియారంలో టైము చూసి నోట్‌బుక్కులో రాయాలి. గంటాగి మళ్లీ వెళ్లాలి. గీత నీళ్లకింద ఉండొచ్చు, లేదా నీళ్లు జానెడు కిందికి జారిపోయి పుల్ల చుట్టూ మెత్తటి బురద మెరుస్తూ, దానిమీద పిట్ట కాళ్ల గుర్తులు ఉండొచ్చు. వాడు ఇంటికి పరుగెత్తుకొస్తాడు, "అమ్మా, గోదారి తగ్గిపోయింది" అని.

రాజోలు దగ్గర గోదావరి పాయ వశిష్ఠకి సముద్రం ఎంతో దూరం లేదు. జనవరిలో పైనుంచి వచ్చే నీరు తగ్గిపోయి ఉంటుంది కాబట్టి సముద్రపు పోటు ఏటిలోకి ఎదురెక్కుతుంది. నీళ్లు ఎక్కితే పోటు, దిగితే పాటు. రోజుకి రెండుసార్లు ఎక్కి రెండుసార్లు దిగుతుంది, ఎక్కడానికీ దిగడానికీ మధ్య సుమారు ఆరు గంటలు. ఇదంతా మీరు ముందే చెప్పేయకండి, చెబితే బడిపాఠం అయిపోతుంది. రెండోరోజు అదే టైముకి వెళ్తే నీళ్లు నిన్నటి గీతకి రావు. ముప్పావుగంటపైన ఆలస్యంగా వస్తాయి. మూడోరోజు ఇంకాస్త ఆలస్యంగా. ఎందుకని వాడు అడిగినప్పుడు మాట్లాడకుండా మీ మామగారి దగ్గరికి పంపండి. ఆయన గోడమీది క్యాలెండరు తీసి తిథి చూస్తారు, చంద్రుడు కూడా రోజూ అంతే ఆలస్యంగా వస్తున్నాడని రాత్రి డాబా మీద చూపిస్తారు. అమావాస్యకీ పున్నానికీ పోటు జోరుగా ఉంటుందనీ, అష్టమికి నీరసంగా ఉంటుందనీ చెప్తారు. మీరు వెళ్లే రోజులు ఏ తిథికి పడతాయో మీరే చూసుకోండి.

మొదటి పూట విసుక్కుంటాడు, చెప్తున్నాను. "పుల్ల చూడ్డమేంటి, బోరు" అంటాడు. ఆ బోరుని మీరు తీర్చబోకండి. మనం చేసే తప్పంతా అక్కడే. పిల్లాడు "ఏం చెయ్యాలి" అని అడగ్గానే ఏదో ఒకటి చేతిలో పెట్టేస్తాం. ఫోన్ లేకపోతే బొమ్మల పుస్తకం, అది లేకపోతే జంతికల డబ్బా. ఓ గంట ఊరికే వదిలేయండి. అరుగుమీద పడి దొర్లుతాడు, కుక్కని గెలుకుతాడు, గోడకి బంతి కొడతాడు, మీ ప్రాణం తీస్తాడు. తర్వాత ఏదో పట్టుకుంటాడు.

పట్టుకోవడానికి కొబ్బరాకు చాలు. మీ మామగారికి బూర చేయడం వచ్చే ఉంటుంది, రాకపోతే కొబ్బరికాయల దింపు తీయడానికి వచ్చే ఆయన్ని అడగండి. పచ్చి రెబ్బ ఒకటి తీసుకుని మధ్యనున్న ఈనె చీల్చేస్తే రెండు పట్టీలొస్తాయి. ఒక పట్టీ కొసని గోధుమగింజంత సందు ఉండేలా చుట్టి, ఏటవాలుగా ఒక చుట్టు మీద ఇంకో చుట్టు సగం ఎక్కేలా తిప్పుకుంటూ పోవాలి. పట్టీ అయిపోతే రెండోది అందులోకి దూర్చాలి. గరాటులా విచ్చుకుంటుంది. విడిపోకుండా వెడల్పు అంచున ఈనె ముక్క గుచ్చాలి. సన్నటి వైపు చిన్న ఆకుముక్క మడిచి దోపి, పెదాలతో నొక్కిపట్టి ఊదాలి. మొదటి మూడూ పలకవు, తుస్సుమంటాయి. నాలుగోది దూడ అరిచినట్టు అరుస్తుంది. ఆ తర్వాత ఇంట్లో ఎవరికీ మధ్యాహ్నం కునుకుండదు, దానికి నన్ను తిట్టుకోకండి. అదే ఆకుతో చేతి గడియారమూ కళ్లజోడూ చేస్తారు. మీవాడికి నిజం గడియారం, నిజం కళ్లజోడు రెండూ ఉన్నా ఆకువే పెట్టుకు తిరుగుతాడు. కొబ్బరి చెట్ల కింద మాత్రం చాప వేసి పడుకోనివ్వకండి. కాయ ఎప్పుడు రాలుతుందో చెట్టుకే తెలీదు, ఎండు మట్ట ఇంకా ప్రమాదం.

ప్రయాణం ఎలా అంటే, కారు వద్దు. కార్లో వెనక సీటంటే ఫోన్ చూడ్డానికే చేసినట్టుంటుంది. విజయవాడలో గుడివాడ, భీమవరం మీదుగా నరసాపురం వెళ్లే పగటి బండి ఎక్కండి. కైకలూరు దాటాక రెండువైపులా చేపల చెరువులే చెరువులు, వాటిలో గాలి చక్రాలు నీళ్లు చిమ్ముతూ ఉంటాయి, కొంగలు గట్టున క్యూ కట్టి ఉంటాయి. ఆకివీడు, ఉండి, భీమవరం, వీరవాసరం, పాలకొల్లు... స్టేషన్ల పేర్లు, బండి ఎంతసేపాగిందీ బాబు రాసుకోవాలి. నరసాపురంలో దిగి ఆటోలో రేవుకి, అక్కణ్నుంచి పంటుమీద సఖినేటిపల్లికి. చించినాడ వంతెన మీదుగా వెళ్తే ఇంటికి తొందరగా చేరతారు గానీ, ఆ పంటు దాటడంలో ఉన్న సుఖం వంతెన ఇవ్వదు. పక్కన మోటారు సైకిళ్లు, పాలక్యాన్లు, పెళ్లికి వెళ్తున్న జనం, మధ్యలో ఇంజను చప్పుడు, చుట్టూ వశిష్ఠ. అవతలి ఒడ్డు మెల్లగా దగ్గరికొస్తుంటే ఊరు వచ్చేసిందని పిల్లలకి ఎవరూ చెప్పక్కర్లేదు.

అక్కడికెళ్లాక రోజుకొక చోటికి తిప్పాలనుకోకండి. నాలుగు రోజుల్లో రెండు పూటలు బయటికి చాలు. ఒకటి పి.గన్నవరం. నది మీద వంతెన అందరూ చూస్తారు, నది మీద కాలువ చూశారా? కింద గోదావరి ఇంకో పాయ వైనతేయ పారుతుంటే, దాని పైనుంచి కాలువ నీళ్లు అవతలి దీవికి పోతాయి. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేయించాక ఈ డెల్టా అంతా కాలువలు అల్లుకున్నాయి. నగరం దీవికి నీళ్లు చేర్చడానికి ఆ కాలంలోనే కట్టిన పాత అక్విడెక్టు పక్కనే ఇప్పటి కొత్తది ఉంటుంది. పాతదాని కింద వంపులు ఎన్నున్నాయో బాబుని లెక్కపెట్టమనండి. నేను చెప్పను.

రెండోది అంతర్వేది. పొద్దున్నే వెళ్లండి, నరసింహస్వామిని చూసుకుని, అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర వశిష్ఠ సముద్రంలో కలిసేచోట కాసేపు ఊరికే నిలబడండి. ఎండ ముదరకముందే వచ్చేయండి. కోరింగ మడ అడవులు చూడాలని పాప అడగొచ్చు, బడిలో చెప్పి ఉంటారు. బురదలోంచి మేకుల్లా పైకి లేచిన ఊపిరి వేర్లు, ఒంటి డెక్క పెద్దదైన ఎర్ర పీతలు, అదృష్టం ఉంటే నీటికుక్కలు, అన్నీ నిజంగానే చూడతగ్గవి. కానీ మీ ఊరి నుంచి రానూపోనూ రోజంతా ప్రయాణానికే సరిపోతుంది. దాన్ని కాకినాడ వైపు వెళ్లినప్పటికి ఉంచండి. వెళ్లినప్పుడు పడవ ఎప్పుడు తిప్పుతారో ముందు కనుక్కోండి, అక్కడా పోటు పాటుల మీదే బేరం. దిండి హౌస్‌బోటుకి డబ్బు తగలేయకండి. ఇల్లే ఏటి పక్కన ఉన్నవాళ్లకి అదెందుకు?

నీళ్ల విషయంలో మాత్రం నేను చాదస్తురాలిని. గోదారి పైకి నిదానంగానే కనిపిస్తుంది. ఇసక తవ్విన గోతులు నీళ్లకింద ఉంటాయి, నిన్న మోకాలిలోతున్న చోట ఇవాళ నిలువులోతు ఉండొచ్చు. పిల్లలు రేవు మెట్లు దిగి పాదాలు తడుపుకోవడం దాకానే. మెట్లమీద నాచు జారుడు, పుల్ల చూడ్డానికి కూడా బాబు ఒంటరిగా వెళ్లకూడదు. అంతర్వేదిలో నదీ సముద్రం కలిసేచోట స్నానం వద్దే వద్దు, అక్కడ లాగుడు ఈతగాళ్లకే లొంగదు. పడవ ఏదెక్కినా లైఫ్‌జాకెట్టు తొడుక్కున్నాకే కదలమనండి, "ఇంత దూరానికి ఎందుకమ్మా" అంటారు, అననివ్వండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవ మునిగిన సంగతి మనం మరిచిపోలేదు కదా.

ఇక అసలు గండం సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది. ఈ రెండు గంటలూ గట్టెక్కితే నాలుగు రోజులూ గట్టెక్కినట్టే. ఎవరూ చెప్పని కారణం ఒకటుంది, దోమలు. పొద్దువాలగానే కోనసీమ దోమ అరుగుమీద ఎవర్నీ కూర్చోనివ్వదు. అందరూ లోపలికి దూరుతారు, లోపల సీరియల్ మొదలవుతుంది, పిల్లలు అలిసిపోయి ఆకలిమీద ఉంటారు. పోయినేడాది మీ ఇంట్లో ఏడుపు మొదలైంది ఈ వేళకే అని నా అనుమానం. కాబట్టి ఆ వేళకి ముందే కాచుకోండి. అయిదున్నరకి వేడినీళ్ల స్నానాలు, నిండుగా చేతులూ కాళ్లూ కప్పే బట్టలు. ఆరున్నరకల్లా అన్నాలు పెట్టేయండి, పల్లెటూళ్లో అదేమీ వింత కాదు. వీధిగుమ్మం దగ్గర పాత బూర్లెమూకుడులో కొబ్బరిపీచు రాజేసి నాలుగు వేపాకులు వేస్తే కొంత నయం. అన్నం తిన్నాక పెద్ద దోమతెర ఒకటి డాబామీద కట్టి నలుగురూ అందులో దూరండి. చీకట్లో దోమతెరలో కూర్చుంటే పిల్లలకి కబుర్లు వాటంతటవే వస్తాయి. మంచు పడుతుంది, దుప్పట్లు మర్చిపోకండి. బాబుకి జలుబు తత్వమైతే ఎనిమిదికల్లా కిందికి దించేయండి.

ఆ వేళ పెద్దవాళ్లు "మా కాలంలో ఈ ఫోన్లూ టీవీలూ ఎక్కడివి, హాయిగా ఉండేవాళ్లం" అని మొదలుపెడితే మాత్రం మెల్లగా మాట మార్చండి. అది పిల్లలకి దెప్పుడులాగే వినిపిస్తుంది. పైగా అంత నిజమూ కాదు. 1996 నవంబరు 6 తుపానుకి మా వైపు లక్షల కొబ్బరిచెట్లు కూలిపోయాయి, చాలా రోజులు కరెంటు లేదు, రేడియోలో బ్యాటరీలు అయిపోతే ఏమవుతుందో అని వణికాం. తెర లేని రోజులంటే నాకు అవీ గుర్తొస్తాయి. అప్పుడు మా చేతిలో ఒక్క ఫోనుంటే ఎంత బావుండేదో. పిల్లలకి చెప్పదలుచుకుంటే ఆ తుపాను కథే చెప్పమనండి, నోరు తెరుచుకు వింటారు.

ఫొటోల మాట మీరు అడగలేదు గానీ మనసులో ఉండే ఉంటుంది. నాలుగోరోజు పొద్దున ఒక్క గంట మీ ఫోన్ పలుపు విప్పండి. ఏటిగట్టుమీద, అరుగుమీద, అత్తగారితో, కావలసినన్ని తీసుకోండి. అంతకుముందు మూడు రోజులు పాప నోట్‌బుక్కులో బొమ్మలు గీస్తే గీస్తుంది, లేకపోతే లేదు. స్టేటస్ పెట్టడం ఇంటికెళ్లాక.

ఒక పూట నియమం తప్పినా బెంగపడకండి. మీ ఆయన గూటి దగ్గర అరగంట నిలబడిపోవచ్చు, పాప నానమ్మ పక్కన చేరి సీరియల్ మొత్తం చూసేయొచ్చు. నానమ్మ ఒళ్లో తలపెట్టి చూసిందా, సరే, అది లెక్కలోంచి తీసేయండి. మర్నాడు పొద్దున్నే మళ్లీ పుల్ల దగ్గరికి.

వచ్చాక ఉత్తరం రాయండి. పి.గన్నవరంలో వంపులెన్నో బాబు చేత రాయించండి. పాప లెక్కల పుస్తకంలో చివరికి ఎంత తేలిందో, అందులో నాన్నగారి టీ ఖర్చు ఎంతో కూడా.